కళామందిరమూ వారాల విద్యార్థీ

విశ్వవిద్యాలయం అనగానే గ్రంథాలయం జ్ఞాపకం వస్తుంది. ప్రయోగశాల జ్ఞాపకం వస్తుంది. కళామందిరం జ్ఞాపకం రాదు. పుస్తకం లేనిదే చదువు లేదని అందరూ ఒప్పుకొంటారు. పరికరం లేనిదే శాస్త్రం లేదనీ ఒప్పుకొంటారు. బొమ్మ లేనిదే చదువు కుంటువడుతుందని ఒప్పుకొనేవారు మాత్రం అరుదు. బొమ్మ అలంకారమనీ, తీరిక వేళల వినోదమనీ, కలవారి ముచ్చట అనీ ఒక అభిప్రాయం లోకంలో పాతుకొని ఉన్నది. అయినా పేరుపొందిన విద్యాపీఠాలు చాలా కాలంగా కళామందిరాలను పోషిస్తూ వచ్చినవి. ఆక్స్‌ఫర్డులోని ఆష్మోలియన్ మ్యూజియం 1683లో తలుపులు తెరిచినది. అమెరికాలోని యేల్, జాన్ ట్రంబుల్ అనే చిత్రకారుడు ఇచ్చిన చిత్రాలతో 1832లో తన చిత్రశాలను నెలకొల్పి, అందుకు మారుగా ఆయనకు ఏటేట 1,000 డాలర్ల భృతి ఏర్పాటు చేసినది. భారతదేశంలో కలకత్తా విశ్వవిద్యాలయం 1937లో ఆశుతోష్ ముఖర్జీ పేర మ్యూజియం స్థాపించినది. కాశీలో రాయ్ కృష్ణదాస్ 1920లో ప్రారంభించిన భారత కళాభవనం 1950లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చేరినది.

ఇన్ని చోట్ల ఇన్నేళ్ళుగా విద్యాపీఠాలు బొమ్మలను కూడబెట్టినది ఎందుకు? ఊరి మ్యూజియానికీ విశ్వవిద్యాలయపు మ్యూజియానికీ భేదమేమిటి? ఊరి మ్యూజియం వస్తువులను కాపాడి పదిమందికీ చూపిస్తే దాని బాధ్యత చాలవరకు తీరినట్లే. విశ్వవిద్యాలయపు మ్యూజియానికి అంతటితో ఋణం తీరదు. అది చూపించడమే కాదు, చూడడం నేర్పవలెను. అందుకు దానికి రెండు మార్గాలు ఉన్నవి. కొద్దిమంది విద్యార్థులను లోపలికి తీసికొని, వస్తువును చేతబట్టడం మొదలు దాని వివరం పట్టికలో వ్రాయడం వరకు పని చేయిస్తూ నేర్పడం మొదటిది. దీనికే ఈనాడు ఇంటర్న్‌షిప్ అని పేరు. ప్రసంగాలు, చిత్రాల ముందు గోష్ఠులు, బడిపిల్లల సందర్శనలు మొదలైన వాని ద్వారా బయటివారికి నేర్పడం రెండవది. మొదటిది లోపలి తలుపు. రెండవది వీధి తలుపు. ఈ రెండు తలుపులూ ఎవరికి తెరుచుకొంటున్నవి అన్నదే ప్రశ్న. డబ్బూ పరిచయమూ లేని విద్యార్థికి మూసి ఉన్న కళామందిరం ఎంత గొప్ప చిత్రాలను దాచుకొన్నా విద్యాపీఠంలో భాగం కాదు. అది విద్యాపీఠపు ఆవరణలో కట్టిన ఒక శ్రీమంతుని మేడ.

ఈ విషయాన్ని తేటపరచడానికి హార్వర్డు విశ్వవిద్యాలయంలోని ఫాగ్ మ్యూజియం చరిత్ర బాగుగా ఉపకరిస్తుంది. చైనాతో వర్తకం చేసి ధనం గడించిన విలియం ఫాగ్ అనే వర్తకుని స్మృత్యర్థం ఆయన భార్య ఎలిజబెత్ ఇచ్చిన ధనంతో ఆ మ్యూజియం ఏర్పడి, 1895లో తెరువబడినది. మొదట అందులో ఉన్నవి ఎక్కువగా విఖ్యాత శిల్పాలకు పోతపోసిన సున్నపు ప్రతిమలూ, ఛాయాచిత్రాలూను. అసలు వస్తువులు బహుకొద్ది. 1909లో ఎడ్వర్డు ఫోర్బ్స్ డైరెక్టరు అయిన తరువాత దాని రూపు మారినది. ఈయన తత్త్వవేత్త ఎమర్సన్ మనుమడు. నకలును చూచి నేర్చినది నకలు విద్యయే అవుతుందనీ, విద్యార్థి అసలు వస్తువు ఎదుట నిలువవలెననీ ఆయన పట్టుదల. చిత్రలేఖనం గూర్చి మాట్లాడే విద్యార్థికి రంగు నూరడం, గోడపై తడిపూత వేయడం కొంతైనా తెలియవలెనని ఆయన తరగతిలో వానిని చేతులతో చేయించినారు. ఆయన దేశదేశాలనుండి తెప్పించిన వర్ణద్రవ్యాల సంగ్రహం నేడు 2,500కు పైబడి ఉన్నది. ఒక చిత్రం అసలుదో నకలుదో తేల్చవలసి వచ్చినప్పుడు ఆ రంగుపొడులు ఇప్పటికీ సాక్ష్యం చెబుతున్నవి.

ఫోర్బ్స్‌కు తోడుగా వచ్చినవారు పాల్ శాక్స్. గోల్డ్‌మన్ శాక్స్ అనే ప్రసిద్ధ ధనసంస్థకు చెందిన కుటుంబంలో పుట్టి, అందులోనే పనిచేసి, ఆ వ్యాపారాన్ని విడిచి ఆయన ఫాగ్‌కు వచ్చినారు. 1921లో ఆయన ఒక కొత్త తరగతి ప్రారంభించినారు. మ్యూజియం పనీ, అందులోని సమస్యలూ అనేదే దాని విషయం. అంతవరకు మ్యూజియం నడపడం నేర్పే చదువు అమెరికా విశ్వవిద్యాలయాలలో ఇంత క్రమంగా సాగలేదు. పండితుడో, ధనికుడో, కేవలం ఆసక్తి కలవాడో ఆ కొలువులో కుదురుకొని, కాలక్రమాన తప్పులు చేస్తూ నేర్చుకొనేవాడు. శాక్స్ ఆ పనికి ఒక శిక్షణ కల్పించినారు. వస్తువును ఎట్లు ఎత్తవలెను, ఎక్కడ నిలుపవలెను, దేనిని కొనవలెను, దేనిని నిరాకరించవలెను, దాతతో ఎట్లు మాట్లాడవలెను, ప్రదర్శనను ఎట్లు అమర్చవలెను అనే విషయాలన్నీ అందులో పాఠాలే. విద్యార్థులు తామే ప్రదర్శనలు అమర్చేవారు. 1927లో కట్టిన కొత్త భవనంలో చిత్రశాల, ఉపన్యాసశాల, గ్రంథాలయం, మరమ్మతు ప్రయోగశాల ఒకే కప్పు క్రిందికి వచ్చినవి. పాఠం విన్న విద్యార్థి నాలుగడుగులు వేస్తే ఆ పాఠానికి ఆధారమైన వస్తువు ఎదుట ఉండేది.

ఫలితం సామాన్యమైనది కాదు. 1929లో న్యూయార్కులో ఆధునిక కళా మ్యూజియం వెలసినప్పుడు దాని తొలి డైరెక్టరుగా శాక్స్ సూచించినది తన శిష్యుడైన ఆల్‌ఫ్రెడ్ బార్ పేరు. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరాలు. మరొక శిష్యుడు జేమ్స్ రోరిమర్ 1955లో మెట్రొపాలిటన్ మ్యూజియం డైరెక్టరు అయినారు. ఇంకొకరు జాన్ వాకర్ 1956లో వాషింగ్టనులోని జాతీయ చిత్రశాలకు డైరెక్టరు అయినారు. 1948 వరకు, అంటే సుమారు 27 సంవత్సరాలు నడిచిన ఆ ఒక్క తరగతి ఒక దేశపు మ్యూజియాలకు ఒక తరం నాయకులను ఇచ్చినది. పనిలో పడి నేర్చుకొన్న విద్య ఎంత దూరం పోగలదో చూపడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. ఇంటర్న్‌షిప్‌ను మెచ్చుకొనేవారు శాక్స్ పేరు తలచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

కాని ఆ చరిత్రకు రెండవ ప్రక్క ఒకటి ఉన్నది. ఆ తరగతి ఫాగ్ భవనంలోనే కాక, షేడీ హిల్ అనే శాక్స్ సొంత నివాసంలో కూడ జరిగేది. అమూల్య చిత్రాల నడుమ, గురువుగారి ఇంట, ఆయన స్నేహితులైన దాతల, వర్తకుల మధ్య విద్యార్థి మెలగవలెను. అట్టి సభలో తడబడకుండ కూర్చోవడానికి ఎట్టి ఇంట పుట్టినవారికి సులభం? 1928 డిసెంబరులో హార్వర్డు విద్యార్థులు ముగ్గురు సమకాలీన కళకై ఒక సంఘం స్థాపించి, ఒక దుకాణం మీది రెండు గదులలో ప్రదర్శనలు నడిపినారు. ఆధునిక కళా మ్యూజియం పుట్టకముందే వారు ఆ పనికి పూనుకోవడం మెచ్చదగినదే. వారిలో ఒకడైన ఎడ్వర్డ్ వార్‌బర్గ్ తండ్రి పేరుమోసిన బ్యాంకరు. ఇంకొకడైన లింకన్ కర్‌స్టీన్ తండ్రి బోస్టనులోని పెద్ద దుకాణ సంస్థలో భాగస్వామి. మూడవవాడు పైన చెప్పిన వాకర్. కళను గూర్చి వారికి గల శ్రద్ధను శంకించవలసిన పనిలేదు. రేపటి భోజనం గూర్చి చింత లేనివారికే అట్టి సాహసం చేయగల తీరిక ఉండినదని చెప్పడం మాత్రం తప్పు కాదు.

ఆల్‌ఫ్రెడ్ బార్ ధనికుని బిడ్డ కాడనీ, మతబోధకుని కుమారుడనీ ఎవరైనా గుర్తుచేయవచ్చును. అది నిజమే. ప్రతిభ ఒక్కొక్కసారి ఎట్టి తలుపునైనా తోసుకొని వస్తుంది. తోసుకొని రాగలిగిన ఒక్కని చూపించి తలుపు తెరిచే ఉన్నదని చెప్పడం న్యాయం కాదు. శాక్స్‌కు పరిశోధనలో తోడ్పడిన ఆగ్నెస్ మాంగన్ చిత్తు రేఖాచిత్రాల పరిశీలనలో అసాధారణ పాండిత్యం గల విదుషీమణి. ఆమె ఫాగ్ డైరెక్టరు కావడానికి 1969 వరకు ఆగవలసి వచ్చినది. ఆమెతోపాటు చేరిన పురుషులు అంతకు ఎంతో ముందే పెద్ద పెద్ద మ్యూజియాలను ఏలినారు.

ఇక్కడ తెలుగు పాఠకులకు వారాల విద్యార్థి జ్ఞాపకం రాక తప్పదు. సోమవారం ఒక ఇంట, మంగళవారం వేరొక ఇంట అన్నం తిని, వీధిదీపం క్రింద పుస్తకం పట్టి పండితులైనవారు, ప్లీడర్లైనవారు, ఉపాధ్యాయులైనవారు తెలుగుదేశంలో ఎందరో ఉండిరి. విద్య చెప్పడం గురువు పని, విద్యార్థికి కూడు పెట్టడం ఊరి పని అని ఆనాటి సమాజం ఒక ఒప్పందం చేసికొన్నది. ఆ ఒప్పందంలోని లోపం కూడ దాచరాదు. ఆ అరుగులపై విస్తరి అన్ని కులాల బిడ్డలకూ పడలేదు. ఆ లోటు తీరడానికి ప్రభుత్వ వసతిగృహాలు రావలసి వచ్చినది. కాని అందులో ఇమిడి ఉన్న ధర్మం ఒకటి ఉన్నది. ఖాళీ కడుపుతో విద్య సాగదు. విద్య కావలెనన్న సమాజం ముందు విద్యార్థి భోజనం సంగతి చూడవలెను. ఈ చిన్న ధర్మాన్ని నేటి గొప్ప మ్యూజియాలు చాలా కాలం మరచిపోయినవి.

జీతం లేని ఇంటర్న్‌షిప్ అంటే వారాలు లేని గురుకులం. వేసవి సెలవులలో రెండు మూడు నెలలు మహానగరంలో గది అద్దెకు తీసికొని, సొంత ఖర్చుతో తిని, ఒక మ్యూజియంలో ఉచితంగా పనిచేయగల విద్యార్థి ఎవరు? తండ్రి డబ్బు పంపగలవాడు. అదే సెలవులలో హోటలులో గిన్నెలు కడిగి వచ్చే ఏటి ఫీజు కూడబెట్టవలసినవాడు ఆ దరఖాస్తు ఫారమే తీసికోడు. ఎవరూ వానిని వెళ్ళగొట్టలేదు. తలుపుమీద నిషేధపు పలక లేదు. అయినా వాడు రాలేదు. కొంతకాలానికి ఉద్యోగం ఖాళీ అవుతుంది. అనుభవం ఉన్నవారు కావలెనని ప్రకటన వస్తుంది. అనుభవం ఎవరికి ఉన్నది? ఉచితంగా పనిచేయగలిగినవానికి. ఈ విధంగా ఒక తరంలోని సంపద మరొక తరంలో యోగ్యతగా వేషం మార్చుకొంటుంది. కోటి విద్యలూ కూటికొరకే అన్న సామెత అక్కడ తిరగబడి, కూడు ఉన్నవానికే ఆ విద్య దక్కుతుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలోని కళా మ్యూజియాలలో ఉద్యోగుల స్థితిని పరిశీలించి మెల్లన్ ఫౌండేషన్ 2015లో ఒక నివేదిక ప్రకటించినది. క్యూరేటర్లు, సంరక్షకులు, బోధకులు, అధిపతులు అనే మేధాసంబంధమైన కొలువులలో 84 శాతం శ్వేతజాతివారనీ, నల్లజాతివారు 4 శాతమేననీ అందులో తేలినది. దీనికి కారణాలు అనేకం ఉండవచ్చును. వానిలో జీతం లేని శిక్షణ ఒకటి అని ఆ వృత్తిలోనివారే గ్రహించినారు. 2019 జూనులో కళా మ్యూజియాల డైరెక్టర్ల సంఘం ఇంటర్న్‌లకు జీతం చెల్లించవలెనని మ్యూజియాలను కోరుతూ తీర్మానం చేసినది. మరుసటి ఏడాది ఒక దాత్రి ఇచ్చిన 50 లక్షల డాలర్లతో న్యూయార్కులోని మెట్రొపాలిటన్ మ్యూజియం తన ఇంటర్న్‌షిప్‌లన్నింటికీ జీతం ఏర్పాటు చేసికొన్నది. శాక్స్ తరగతి మొదలైన తరువాత దాదాపు నూరేళ్ళకు, విద్యార్థికి కూడు పెట్టవలెనన్న సంగతి ఆ పెద్ద మ్యూజియంలో పూర్తిగా అమలుకు వచ్చినది.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. నేర్చుకోవడానికి వచ్చినవానికి జీతమేల? జూనియరు ప్లీడరు సీనియరు వద్ద ఊరక పనిచేయలేదా? శిష్యుడు గురువుకు శుశ్రూష చేయలేదా? మ్యూజియాలు లాభాలు గడించే కంపెనీలు కావు గదా? ఆక్షేపణలో కొంత బలం ఉన్నది. ప్రారంభంలో విద్యార్థి చేసే పనికన్న వానికి నేర్పడానికి పట్టే శ్రమయే ఎక్కువ. అయితే శుశ్రూష చేసిన శిష్యుడు గురువుగారి ఇంటనే తిన్నాడు. జూనియరు ప్లీడరుగా ఏళ్ళ తరబడి ఊరక తిరగగలిగినవారు ఏ ఇండ్లనుండి వచ్చినారో ఏ కోర్టు ఆవరణలో అడిగినా తెలుస్తుంది. లాభం లేని సంస్థ అనే మాట కూడ విద్యార్థి విషయంలోనే వినబడుతుంది. విద్యుచ్ఛక్తి బిల్లు వచ్చినప్పుడు వినబడదు. గోడలకు రంగు వేసినవానికి కూలి ఇచ్చిన సంస్థ, ఆ గోడమీది చిత్రానికి వివరం వ్రాసిన విద్యార్థికి ఇవ్వలేనంటే దానికి సమాధానం లేదు. అంతగా ధనం లేకుంటే పదిమందిని ఊరక తీసికొనేకంటే ఇద్దరిని భోజనవసతులతో తీసికోవడం మేలు.

జీతం ఇచ్చినంతమాత్రాన లోపలి తలుపు తెరుచుకొన్నట్లు కాదు. వీధి తలుపు మూసి ఉంటే లోపలి తలుపు దాకా వచ్చేదెవరు? బొమ్మను ఎన్నడూ తీరికగా చూడని పిల్లవానికి మ్యూజియంలో పనిచేయవలెనన్న కోరిక పుట్టదు. కనుక ప్రజలకై జరిపే కార్యక్రమాలు శిక్షణకు అనుబంధాలు కావు, దానికి పునాదులు. ఈ కార్యక్రమాలు సాధారణంగా ఎట్లు జరుగుతున్నవి? పెద్ద పండితుడు వస్తాడు. శైలి, యుగం, ప్రభావం అనే మాటలతో గంటసేపు మాట్లాడుతాడు. తెలిసినవారు తల ఊపుతారు. తెలియనివారు మరునాడు రారు. బడిపిల్లల సంగతి మరీ విచారకరం. వరుసగా నిలబెట్టి, ముట్టుకోవద్దు, మాట్లాడవద్దు అని హెచ్చరించి, ముప్పావుగంటలో ముప్పై గదులు తిప్పి బస్సు ఎక్కిస్తారు. అది గుడి చుట్టూ ప్రదక్షిణం వంటిది. ప్రదక్షిణం చేసినవానికి పుణ్యమైనా దక్కుతుంది, వీరికి కాళ్ళనొప్పులు మాత్రమే మిగులుతవి.

చూడడం నేర్పడమంటే ఏమిటో యేల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక ప్రయత్నం చక్కగా నిరూపించినది. అచ్చటి వైద్యకళాశాలలో చర్మవ్యాధుల ఆచార్యుడు ఇర్విన్ బ్రేవర్మన్. తన విద్యార్థులు రోగిని చూడకుండానే రోగం పేరు చెప్పడానికి తొందరపడుతున్నారని ఆయన గ్రహించినారు. బ్రిటిష్ కళకై యేల్‌లో 1977లో తెరిచిన మ్యూజియంలో విద్యాశాఖ చూచే లిండా ఫ్రీడ్‌లెండర్‌తో కలిసి ఆయన ఒక పాఠం ఏర్పాటు చేసినారు. ఒక్కొక్క వైద్య విద్యార్థిని ఒక్కొక్క చిత్రం ముందు సుమారు పావుగంటసేపు నిలుపుతారు. చిత్రకారుడెవరో, కథ ఏమిటో చెప్పరు. కనబడినదంతా చెప్పవలెను, ఊహించినది చెప్పరాదు. చేయి ఎక్కడ ఉన్నది, వెలుగు ఎటునుండి పడుతున్నది, ముఖం వన్నె ఏమిటి అని మొదట కన్ను పని చేయవలెను, అర్థం తరువాత. ఈ పాఠం నేర్చినవారు రోగుల ఛాయాచిత్రాలలోని వివరాలను, నేర్వనివారికన్న మెరుగుగా పట్టుకొన్నారని 2001లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ప్రకటించినారు. తరువాత ఎన్నో వైద్యకళాశాలలు ఆ మార్గాన్ని అనుసరించినవి. బొమ్మ కలవారి ముచ్చట అన్నవారికి ఇంతకంటె వేరే ప్రత్యుత్తరం అక్కరలేదు. బొమ్మ ముందు నేర్చిన చూపు రోగి మంచం ప్రక్కన పనికివచ్చినది.

ఇందులో గమనింపదగిన విశేషం మరొకటి ఉన్నది. ఆ పాఠానికి కళాచరిత్ర తెలియనక్కరలేదు. తెలియకపోవడమే మంచిది. చదువుకొన్న ఇంట పుట్టిన పిల్లవాడూ, అక్షరం రాని ఇంట పుట్టిన పిల్లవాడూ ఆ పావుగంటలో సమానులు. ఇద్దరికీ కండ్లు ఉన్నవి, ఇద్దరూ తొందరపడతారు, ఇద్దరూ నిలబడితే ఇంకా కనబడుతుంది. పల్లెలో రచ్చబండ వద్ద పురాణం చెప్పిన పౌరాణికుడు చదువురానివారికి ఒక్కొక్క పద్యం నిలిపి, విడదీసి, అర్థం చెప్పి కావ్యాన్ని ఊరందరి సొత్తు చేసినాడు. విశ్వవిద్యాలయపు కళామందిరం బొమ్మల విషయంలో చేయవలసిన పని అదే. భేదం ఒక్కటే. పౌరాణికుడు తాను చెప్పినాడు. ఇక్కడ బోధకుడు అడుగుతాడు. హార్వర్డులో ఈనాడు కళాశాల విద్యార్థులే కొన్ని వస్తువులను ఎన్నుకొని, వానిని గూర్చి తామే పరిశీలించి, వచ్చినవారికి చూపిస్తున్నారు. ఇంటర్న్‌షిప్, ప్రజాకార్యక్రమం అనేవి రెండు కావని ఈ పద్ధతి చూపుతున్నది. నేర్చినవాడు నేర్పుతున్నాడు, నేర్పడంలో మరికొంత నేర్చుకొంటున్నాడు.

ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ కళాశాల ఇంకొక అడుగు ముందుకు వేసినది. 1940లో ఎలెన్ జాన్సన్ అనే అధ్యాపకురాలు ఒక వింత ఆచారం ప్రారంభించినారు. కళాశాల మ్యూజియంలోని కొన్ని అసలు చిత్రాలను విద్యార్థులకు అద్దెకిచ్చి, ఒక అర్ధసంవత్సరం తమ గదిలో తగిలించుకోనివ్వడమే ఆ ఆచారం. అద్దె చిరకాలంగా ఒక్కొక్క చిత్రానికి 5 డాలర్లు. పికాసో ముద్రాచిత్రంవంటివి పొందడానికి విద్యార్థులు ముందురాత్రినుండి వాకిట పడుకొని వరుసలో నిలుస్తారు. ఇక్కడ ధనం గాని, పరిచయం గాని పనిచేయవు. ముందు వచ్చినవానిదే చిత్రం. దంతధావనం చేసేటప్పుడు, పరీక్షకు చదివేటప్పుడు, నిద్రపట్టని రాత్రి ఆ చిత్రం ఎదుట ఉంటుంది. ఒక ప్రసంగం ఎన్నటికీ నేర్పలేని సంగతిని ఆ సహవాసం నేర్పుతుంది.

వస్తువులు పాడవుతవి గదా, పదిమంది చేతిలో పెట్టినది పదికాలాలు నిలుస్తుందా అని సంరక్షకులు అడుగుతారు. అడగవలసినదే, అది వారి ధర్మం. అన్ని వస్తువులూ అద్దెకివ్వతగినవి కావు. తాళపత్రానికి వెలుగే విషం. నీటిరంగు చిత్రానికి ఎండ శత్రువు. ఏది ఇవ్వవచ్చునో ఏది ఇవ్వరాదో నిర్ణయించడం ఒక విద్య. ఆ విద్యను ఇంటర్న్ నేర్చుకోవలసిందే. కాని సంరక్షణ పేరిట సమస్తాన్నీ తాళం వేసి ఉంచడం సంరక్షణ కాదు. ఎవరూ చూడని వస్తువుకోసం రేపు ఎవరూ పోరాడరు. హార్వర్డులో 2014లో పునర్నిర్మించి తెరిచిన భవనంలో గోడలమీద లేని చిత్రాలను కూడ ముందుగా కోరుకొని ఎదుట పెట్టించుకొని చూడడానికి ఒక గది ఏర్పాటు చేసినారు. ఆచార్యులకే కాక సామాన్యులకు కూడ ఆ హక్కు ఉన్నది. 2023 జూనునుండి అచ్చట ఎవరికీ ప్రవేశ రుసుము లేదు. షేడీ హిల్‌లోని అతిథిశాలనుండి ఈ స్థితికి రావడానికి ఒక శతాబ్ది పట్టినది.

ఈ దూరదేశపు చరిత్రతో తెలుగు ఉపాధ్యాయునికీ విద్యార్థికీ పనియేమి అనుకోరాదు. 2020 జాతీయ విద్యావిధానం పనితో కూడిన చదువును ప్రోత్సహించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యాసంవత్సరం నుండి డిగ్రీ పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్ భాగమైనది. నిన్నటిదాకా వినని మాట ఇప్పుడు ప్రతి డిగ్రీ విద్యార్థి నోట వినబడుతున్నది. ఉద్దేశం మంచిదే. అయితే అది నడిచే తీరు రెండు విధాలుగా ఉండవచ్చును. ఒకటి, విద్యార్థి ఎక్కడికో ఒకచోటికి పోయి, కాగితాలు మోసి, టీ తెచ్చి, ధ్రువపత్రం పుచ్చుకొని రావడం. రెండవది, ఒక వస్తువును, ఒక పనిని, ఒక గురువు ఎదుట చేతులతో నేర్చుకొని రావడం. ఈ రెంటికీ భేదం తెలిసికోవడానికి శాక్స్ తరగతి ఒక కొలబద్ద. అందులోని పాఠక్రమం తీసికోవలెను. అందులోని తలుపు మాత్రం తీసికోరాదు. నీకు అక్కడ ఏమి నేర్పినారు, రోజూ భోజనం ఎట్లు జరిగినది అనే రెండు ప్రశ్నలు తిరిగివచ్చిన విద్యార్థిని అధ్యాపకుడు అడిగితే ఆ ఇంటర్న్‌షిప్ విలువ ఇట్టే తేలుతుంది.

బడి ఉపాధ్యాయులు చేయగల పని ఇంకా సులభమైనది. దానికి ఏ ప్రభుత్వపు ఉత్తరువూ అక్కరలేదు. పిల్లలను మ్యూజియానికి తీసికొనిపోయినప్పుడు ముప్పై గదులు చూపాలనే ఆశ విడిచి, ఒక్క విగ్రహం ముందు పావుగంట కూర్చోబెట్టవలెను. పలకమీది వివరం చదవనీయకుండ, కనబడినదంతా చెప్పమనవలెను. మొదటి రెండు నిమిషాలలో మాటలు అయిపోతవి. పిల్లలు దిక్కులు చూస్తారు. అప్పుడు తొందరపడి పాఠం చెప్పరాదు. అయిదవ నిమిషంలో ఒక పిల్ల విగ్రహపు కాలివ్రేలు విరిగి ఉన్నదంటుంది. ఇంకొకడు అది ఎందుకు విరిగినదని అడుగుతాడు. అక్కడినుండి చరిత్ర పాఠం దానంతటదే మొదలవుతుంది. ఆ పిల్లలలో తరగతిలో ఎన్నడూ నోరు విప్పనివాడు ఒకడు తప్పక మాట్లాడుతాడు. ఎందుకంటే అక్కడ పుస్తకం రానక్కరలేదు.

అట్టివాడు పెరిగి, ఒకనాడు ఏదో విశ్వవిద్యాలయపు కళామందిరం గుమ్మంలో నిలబడి, ఇక్కడ పని నేర్చుకొంటానని అడిగితే, ఆ సంస్థ వానికి ఏమి జవాబు చెబుతుంది? వాని తండ్రి ఎవరని అడుగుతుందా? సొంత ఖర్చుతో ఉండగలవా అని అడుగుతుందా? లేక, లోపలికి రమ్మని ముందు భోజనం సంగతి చూస్తుందా? ఆ మందిరంలో ఎన్ని వేల వస్తువులు ఉన్నవో నివేదికలు చెబుతవి. అది విద్యాపీఠంలో భాగమో కాదో ఈ జవాబు చెబుతుంది.